తాండూరులో మాత్రమే ఆగే లాప్‌టాప్

నా షాపులో ఉన్నంతసేపు ఆ లాప్‌టాప్ ఎంతో బుద్ధిగా నడిచేది. తాండూరు వెళ్ళగానే పోటీ మధ్యలో స్క్రీను నల్లబడి చేతులెత్తేసేది. పదిహేనేళ్ళుగా వికారాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. పద్మారాణి చేతిలో పడితే యంత్రం దారికి రావాల్సిందేనని మోమిన్‌పేట్ దాకా నాకు పేరుంది. కోపం ఎక్కువన్న పేరు కూడా ఉంది, అది ఇంకా దూరం పాకింది. అందుకే ఆ శుక్రవారం ఆ పిల్ల మూడోసారి షాపు మెట్లెక్కుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

పిల్ల పేరు దీక్షిత. డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. వాళ్ళ నాన్న చంద్రశేఖర్‌కు తాండూరులో బండల పాలిష్ యూనిట్ ఉంది. ఒకప్పుడు దౌల్తాబాద్ వైపు భూములున్న కుటుంబం, ఇప్పుడు రాళ్ళ వ్యాపారం. ఆ పిల్ల కాలేజీల మధ్య జరిగే ఆన్‌లైన్ ఆటల పోటీలో ఆడుతోంది. అయిదుగురు ఒక పక్క, అయిదుగురు ఒక పక్క, ఒకరినొకరు కాల్చుకోవడం. నాకు ఆ ఆటలంటే గౌరవం లేదు. కానీ వాటిని ఆడించే యంత్రాలంటే ఉంది.

మొదటిసారి వచ్చినప్పుడు పది నిమిషాల్లో రోగం పట్టేశాననుకున్నాను. వెనక మూత విప్పితే ఫ్యాను రెక్కల మధ్య బూడిదరంగు దుమ్ము ముద్దకట్టి ఉంది. తాండూరు రాతి దుమ్ము. ఆటలో బొమ్మలు గీసేది గ్రాఫిక్స్ కార్డు. ఆట ముదిరినకొద్దీ అది వేడెక్కుతుంది, గాలి ఆడకపోతే ఆగిపోతుంది. ఇంతకంటే సులువైన కేసు ఏముంటుంది? దుమ్ము దులిపి, చిప్ మీద వేడిని లాగే కొత్త పేస్టు పూసి, "పో బిడ్డా, ఇగ గెలుసుడే" అని పంపించాను. తరవాతి పోటీలో పదిహేడో రౌండు దగ్గర మళ్ళీ స్క్రీను నల్లబడింది. ఆట నుంచి పిల్ల బయట పడింది, జట్టు ఆ మ్యాచ్ ఓడింది. లీగు దశ కనుక పోటీలో మాత్రం మిగిలింది.

రెండోసారి లాప్‌టాప్‌ను రెండు రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను. కార్డును నడిపే డ్రైవరు ప్రోగ్రామును మొత్తం తీసేసి కొత్తది వేశాను. ఏ ఆటా పెట్టనంత బరువు పెట్టే పరీక్ష ఒకటుంది, దాన్ని గంటల తరబడి నడిపాను. కార్డు చెక్కుచెదరలేదు. యంత్రం తనకు జరిగినవన్నీ తనే రాసుకునే లాగ్‌లో మాత్రం 'డిస్‌ప్లే డ్రైవరు ఆగిపోయింది' అని రెండు తేదీల్లో రాసి ఉంది. ఆ రెండూ పోటీ తేదీలే. ఆ వరసకు పైనా కింద ఇంకేం రాసి ఉందో నేను చూడలేదు. చూసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. పోటీ కమిటీ వాళ్ళు సర్వీసు రిపోర్టు అడిగారని పిల్ల చెబితే, షాపు ముద్ర కొట్టి మరీ రాసిచ్చాను: 'యంత్రంలో ఏ లోపమూ లేదు.' అంతటితో ఊరుకున్నానా? లేదు. "మిషన్ మస్తుగుంది బిడ్డా. పోటీల నీ చెయ్యి వణుకుతుందేమో చూస్కో" అన్నాను. పిల్ల సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు, మూడోసారి, ఆ రిపోర్టునే నా కౌంటరు మీద పెట్టింది.

"గిది మా టీమోళ్ళు సూసిన్రు అక్కా. లాప్‌టాప్‌కు ఏం కాలె, ఓడిపోయేటట్టుంటే నేనే వైరు గుంజి పారిపోతున్ననట. మా కెప్టెన్ నిఖిల్ గ్రూప్‌ల పెట్టిండు."

నిఖిల్ హైదరాబాద్ కుర్రాడు. ఆ జట్టు అయిదుగురూ అయిదు చోట్ల ఉంటారు, మొహాలు ఫోన్లలో తప్ప చూసుకోలేదు. ఆటలో రెండుసార్లు బయట పడితే హెచ్చరిక. మూడోసారి పడితే జట్టు మొత్తాన్ని పోటీ నుంచి తీసేస్తారు, బయటపడ్డ మనిషిని ఏడాది ఆడనివ్వరు. దీక్షితను పక్కన పెడదామంటే పేరు నమోదైన ఆరో మనిషి లేడు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి సెమీఫైనల్. ఇంకెక్కడైనా కూర్చుని ఆడదామంటే నియమం ఒప్పుకోదు. నమోదు చేసిన ఇంటి నుంచి, అదే గదిలో, కెమెరా ముందు కూర్చునే ఆడాలి.

"ఇంట్ల రోజు నాలుగ్గంటలు ప్రాక్టీసు చేస్త. ఒక్కసారి గూడ ఆగలె. పోటీ అంటేనే ఆగుతది. ఎవ్వలు నమ్ముతరు? ఇప్పుడు నాకే డౌటొస్తుందక్కా, నాకు తెల్వకుండ నేనే ఏమన్న చేస్తున్ననా అని."

ఆ మాటతో నా కోపం ఆ పిల్లను వదిలేసి నా మీదకు తిరిగింది. నేను ముద్ర కొట్టి ఇచ్చిన కాగితం పట్టుకుని ఇరవై ఏళ్ళ పిల్ల తన చేతుల్నే తను అనుమానిస్తోంది. జాలితోనే వెళ్ళానని చెబితే అబద్ధమవుతుంది. ఒక యంత్రం నన్ను రెండుసార్లు వెర్రిదాన్ని చేసింది, దాని సంగతి దాని ఇంట్లోనే తేల్చాలనిపించింది.

"ఆదివారం నేనొస్త. నువ్వు ఆడు, నేను సూస్త" అన్నాను.

ఆదివారం ప్యాసింజరు రైలెక్కి తాండూరులో దిగేసరికి ఒంటిగంట దాటింది. వాళ్ళ యూనిట్ ఊరి బయట ఉంది. పెద్ద ఆవరణ, రేకుల షెడ్డు, షెడ్డులో రాళ్ళు కోసే కట్టింగ్ మిషన్, అవతలి కొసన పాలిష్ మిషన్. నేల నిండా తెల్లటి రాతి బురద. పక్కనే ఇల్లు. దీక్షిత గది మాత్రం ఇంట్లో లేదు, యూనిట్ ఆఫీసు మీద వేసిన కొత్త గది. కిటికీలోంచి ఆవరణంతా కనిపిస్తుంది. ఆదివారం సెలవే అయినా లారీ లోడు ఇవ్వాలని ఆ రోజు కూడా మిషన్లు నడుస్తున్నాయి. పళ్ళ డాక్టరు చేతిలోని మిషన్ వెయ్యింతలైతే ఎట్లా ఉంటుందో, ఆ కోత చప్పుడు అట్లా ఉంది.

చంద్రశేఖర్ ఎదురొచ్చాడు. యాభై అయిదేళ్ళుంటాయి. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, భుజం మీద ఎర్ర టవల్. ఆ బురద మధ్య అంత తెల్లగా ఎలా ఉంటాడో నాకర్థం కాలేదు.

"మీరేనా మేడమ్ వికారాబాద్ నుంచి? మా బిడ్డ చెప్పింది. మిషన్ మంచిగనే ఉందని రాసిచ్చిన్రట గద."

"రాసిచ్చిన సార్. గందుకే వచ్చిన."

ఆయన గొంతు తగ్గించాడు. "పిల్ల భయపడుతుంది మేడమ్. పైకి చెప్పదు. గీ చప్పుడుల పిల్లకు మనసు నిలుస్తలేదని నా బాధ. ఒకపాలి నా మీద కోపం చేసింది గూడ, నీ మిషన్ చప్పుడుకు నాకు ఏం వినపడదని. నా చేతనైంది నేను చేస్తున్న." ఏం చేస్తున్నాడో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. తండ్రులందరూ అనే మాటే కదా అనుకున్నాను.

గదిలో మొదట కరెంటు చూశాను. ప్లగ్గులో వోల్టేజీ సరిగ్గానే ఉంది. ఇంటర్నెట్ పెట్టె ఇంట్లో, ఇన్వర్టరు మీద ఉంది. చార్జరు మంచిదే. లాప్‌టాప్ కింద గాలి ఆడేట్టు రెండు చెక్క ముక్కలు పెట్టాను. అరగంట ప్రాక్టీసు ఆడించాను. బయట మిషన్ అరుస్తూనే ఉంది, లాప్‌టాప్ హాయిగా నడిచింది. నా మొహం చూసి దీక్షిత, "ఏం దొరకలేదా అక్కా?" అంది. నేను వంగి చార్జరు ప్లగ్గు మళ్ళీ చూశాను.

మూడింటికి ఆట మొదలైంది. కెమెరాలో ఇంకో మనిషి కనపడకూడదు, మైకులో ఇంకో గొంతు వినపడకూడదు. అందుకని వాళ్ళ నాన్న గదిలోకి రాడు. నేను టేబులు పక్కన నేల మీద చతికిలపడి, నోరు మూసుకుని కూర్చున్నాను. నాలాంటి దానికి నోరు మూసుకోవడం ఎంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు తెలుసు. పదమూడు రౌండ్లు ముందు గెలిచిన జట్టుదే ఆట. ఆరు రౌండ్లు అయ్యేసరికి మూడు మూడు. హెడ్‌సెట్‌లోంచి నిఖిల్ గొంతు సన్నగా బయటికి వినిపిస్తోంది: "దీక్షితా, ఈసారి పోవొద్దు, ప్లీజ్." ఆ ప్లీజ్ అన్న తీరుకు నాకు ఒళ్ళు మండింది.

ఏడు ఏడు అయ్యాక బయట కోత చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ప్రాణానికి హాయిగా అనిపించింది. దీక్షిత ముందుకు వంగి ఆడుతోంది. రౌండు గెలిచింది, కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి వదిలింది. సరిగ్గా అప్పుడే బయట మిషన్ మళ్ళీ మొదలైంది. మామూలుగా కాదు, బరువు ఎత్తలేని మనిషిలా గట్టిగా మూలిగింది. నా కళ్ళ ముందు, టేబులు కింద, చార్జరు మీది పచ్చ దీపం ఆరిపోయింది. పైన స్క్రీను నల్లబడింది.

"అయ్యో!" అన్నది దీక్షిత. హెడ్‌సెట్‌లో నలుగురూ ఒకేసారి అరిచారు. ఆ పిల్ల చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి, అస్సలు కదల్లేదు. వైరును ముట్టుకోలేదు. వణకనూ లేదు. నేను కళ్ళారా చూశాను. మూడు సెకన్లకు పచ్చ దీపం వెలిగింది, నాలుగో సెకనుకు స్క్రీను తిరిగొచ్చింది. ఆట ఇంకా తెగిపోలేదు. కొత్త రౌండు అప్పుడే మొదలవుతోంది కనుక బతికిపోయింది.

"ఉన్న, ఉన్న, పోలె" అంటోంది దీక్షిత మైకులో. ఆమె కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి తీస్తే ఆట పోతుంది కనుక తుడుచుకోలేదు.

నాకు లోపలంతా ఒక్కసారి తేటపడింది. ఆ గదికి కరెంటు ఇంటి నుంచి కాదు, యూనిట్ లైను నుంచి వస్తోంది. మోటరు లేచేటప్పుడు కరెంటు గుంజుతుంది, వోల్టేజీ పడిపోతుంది, చార్జరు ఒక్క క్షణం చచ్చిపోతుంది. లాప్‌టాప్ బ్యాటరీ మీదకు మారుతుంది. బ్యాటరీ మీద గ్రాఫిక్స్ కార్డుకు సగం బలం కూడా అందదు. ఆట ముమ్మరంగా ఉన్నప్పుడు అట్లా బలం తెగి మళ్ళీ అందితే డ్రైవరు తట్టుకోలేదు, కుప్పకూలుతుంది. లాగ్‌లో ఆ వరసకు పైన 'బ్యాటరీ' అని ఉండే ఉంటుంది. చూడని గుడ్డిదాన్ని నేను. కానీ రోజూ పొద్దున మోటరు లేస్తుంది కదా? ప్రాక్టీసప్పుడు ఎందుకు కాదు?

స్క్రీను మూల చూశాను. తొమ్మిది ఎనిమిది, మనవాళ్ళదే పైచేయి. దీక్షిత మళ్ళీ ముందుకు వంగింది. బయట చప్పుడు మళ్ళీ ఆగింది.

ఈసారి ఆ నిశ్శబ్దం హాయిగా లేదు. ఆగిందంటే మళ్ళీ లేస్తుంది. కెమెరాకు దొరక్కుండా మోకాళ్ళ మీద పాకి కిటికీ దగ్గరకు వెళ్ళాను. కింద ఆవరణలో చంద్రశేఖర్ నిలబడి ఉన్నాడు. ఎర్ర టవల్ చేతిలో పైకెత్తి పట్టుకున్నాడు. కళ్ళార్పకుండా ఈ కిటికీ వైపే, కూతురి వీపు వైపే చూస్తున్నాడు. షెడ్డులో కట్టింగ్ మిషన్ దగ్గర ఒకడు ఆ టవల్ వైపే చూస్తూ స్టార్టరు మీద చెయ్యి వేసి ఉన్నాడు.

గదిలోంచి పాకుతూ బయటపడి మెట్లు ఎట్లా దిగానో నాకు గుర్తులేదు. చెప్పులు పైనే ఉండిపోయాయి. బురదలో ఉత్త కాళ్ళతో పరిగెత్తి షెడ్డులోకి వెళ్ళాను. స్టార్టరు దగ్గరున్నవాడి పేరు మొగులప్ప అని తరవాత తెలిసింది. ఇరవై ఏళ్ళుగా అదే మిషన్ మీద ఉన్నాడట.

"సాలు జెయ్యకు! మిషన్ లేపకు! చెయ్యి తియ్యి!" అని అరిచాను.

"ఎవలమ్మా నువ్వు? సేటు టవల్ దించితే నేను సాలు జెయ్యాలె."

"ఎందుకు ఆపినవ్? ఎవలు ఆపమన్నరు?"

"సేటే అమ్మా. పైన బిడ్డ ముందుకు ఒంగితే ఆట గట్టిగున్నట్టట. సేటు టవల్ లేపుతడు, నేను బంద్ చేస్త. బిడ్డ ఎనకకు ఒరిగితే టవల్ దించుతడు, నేను సాలు చేస్త. చప్పుడుకు బిడ్డ పరేషాన్ గావొద్దని."

"రోజు గిట్లనే చేస్తరా?"

"రోజు ఎందుకు? ఉత్తగ ఆడుకునేటప్పుడు మేం బంద్ జెయ్యం. పోటీ ఉంటేనే."

పోటీ ఉంటేనే. నేను మిషన్ వైపు చూశాను. పెద్ద గుండ్రటి బ్లేడు సగం దాకా బండలో దిగి ఉంది.

"బ్లేడు రాయిలనే ఉంది గద!"

"ఏం జెయ్యాలె మరి?" మొగులప్పకు ఇన్నాళ్ళకు ఎవరో అడిగినట్టుంది, గోడు వెళ్ళబోసుకున్నాడు. "బ్లేడు పైకి లేపి బంద్ జేసుడు మా పద్ధతి. లేపాలంటే టైం పడుతది. సేటు గప్పుడే ఆపమంటడు. రాయిల ఇరికిన బ్లేడుతోని మల్ల సాలు జేస్తే మోటరు ఏడుస్తది. మొన్న రెండు బండలు పగిలినయి. సేటు ఒక్క మాటన్లె. పగిలితే పగల్నీ అన్నడు."

ఇదీ సంగతి. పొద్దున బ్లేడు గాల్లో ఉండగా మోటరు సులువుగా లేస్తుంది, చార్జరుకు ఏమీ కాదు. పోటీ రోజు మాత్రం బ్లేడు రాయిలో ఇరుక్కుని లేస్తుంది, రెండింతలు గుంజుతుంది. ఆ పిల్ల ఎంత మనసు పెట్టి ఆడితే అన్నిసార్లు ఆ తండ్రి మిషన్ ఆపించాడు. ఆపిన ప్రతిసారీ మళ్ళీ లేపించాడు.

వెనక్కి తిరిగేసరికి టవల్ దిగుతోంది.

మొగులప్ప చెయ్యి అలవాటుగా కదిలింది. ఆ చేతిని నా రెండు చేతులతో పట్టుకుని వేలాడాను. వాడు బిత్తరపోయాడు. చంద్రశేఖర్ కోపంగా షెడ్డు వైపు వచ్చాడు.

"ఏం మేడమ్ ఇది? మా మనిషి చెయ్యి పట్టుకుంటున్నరేంది? అక్కడ పోటీ నడుస్తుంటే ఇక్కడ లొల్లి ఏంది?"

"అన్నా, నీ దండం పెడత, జర ఇను. మిషన్ లేపితే పైన లాప్‌టాప్ ఆగుతది. ఇప్పుడే మూడు సెకన్లు ఆగింది, నేను కళ్ళార సూసిన. మల్ల లేపితే నీ బిడ్డ బయట పడుతది. ఇంకొక్కసారి పడితే అంతే."

"పాగల్ లెక్క మాట్లాడకున్రి. పొద్దటి సంది నడుస్తనే ఉంది మిషన్!"

"నడిస్తే ఏం గాదు. రాయిల బ్లేడు పెట్టి లేపితేనే ఐతది. మొన్న రెండు పోటీలల్ల నువ్వు ఎన్నిసార్లు లేపించినవో యాది చేస్కో."

ఆయన మొగులప్ప వైపు చూశాడు. మొగులప్ప నేల చూపులు చూస్తూ, "గా పొద్దు గూడ బండ ఇరికినప్పుడే సేటూ, పైనుంచి బిడ్డ ఏడ్చుకుంట దిగొచ్చింది" అన్నాడు. చంద్రశేఖర్ మొహంలో రక్తం ఇంకిపోవడం నేను చూశాను. ఆ క్షణంలో నాకు ఆయన మీద కోపం రాలేదు. నేను రాసిచ్చిన కాగితం కంటే ఆయన ఎత్తిన టవల్ చెడ్డదేమీ కాదు.

"బంద్ పెట్టు. ఆట అయిపోయేదాక ఎవ్వడు చెయ్యి పెట్టొద్దు" అన్నాడు.

అంతలోనే షెడ్డు అవతలి కొసన టక్కుమని చప్పుడైంది. పాలిష్ మిషన్ దగ్గర చెన్నయ్య అనే ఆయన టీ తాగి వచ్చి, తడి బండ మీద బరువైన పాలిష్ రాళ్ళు దించిపెట్టి, స్టార్టరు మూత తెరుస్తున్నాడు. ఆ మోటరూ బరువు మీదే లేవాలి. ఆయనకు మా గొడవ వినపడలేదు. రాళ్ళ మధ్య పనిచేసి చేసి చెవులు సగం పోయాయట. మొగులప్ప పిలిచాడు, నేను పిలిచాను. వినపడలేదు. టవల్ ఊపుదామంటే ఆయన ఇటు తిరిగి లేడు.

చంద్రశేఖర్ పరిగెత్తాడు. యాభై అయిదేళ్ళ మనిషి, తెల్ల బట్టల్లో, ఆ బురదలో. సగం దూరంలో జారి ముందుకు బోర్లా పడ్డాడు. లేచాడు, మళ్ళీ పరిగెత్తాడు. చెన్నయ్య వేలు మీట మీద పడే క్షణంలో వెనక నుంచి వెళ్ళి ఆయన భుజాలు పట్టి గుంజేశాడు. ఇద్దరూ కలిసి బురదలో కూలబడ్డారు. "ఏమైంది సేటూ? పాము గిట్ల వచ్చిందా?" అని చెన్నయ్య అడగడం నాకు ఇక్కడిదాకా వినిపించింది.

ఆ తరవాత ఇరవై నిమిషాలు ఆ యూనిట్‌లో ఈగ వాలిన చప్పుడు కూడా లేదు. లారీ డ్రైవరు వచ్చి హారను కొట్టబోతే చంద్రశేఖర్ చేతులు జోడించాడు. హారనుతో ఏమీ కాదని చెప్పాను, అయినా వినలేదు. కట్టింగ్ మిషన్ స్టార్టరు దగ్గర ఒక రాయి మీద కూర్చున్నాడు. బురద ఆరి మొహం మీద పెచ్చులు కట్టింది. కూతురి కిటికీ వైపు చూడలేదు. చూస్తే చెయ్యి మళ్ళీ లేస్తుందని భయపడ్డాడో ఏమో.

"నేననుకున్న మేడమ్, పిల్ల ఆడరాక సాకులు చెప్తుందని. నోటితోని అనలె. మనసుల అనుకున్న" అన్నాడు కాసేపటికి.

"నేను కాగితం మీద రాసిన అన్నా" అన్నాను.

పైనుంచి ఒక్కోసారి దీక్షిత గొంతు వినిపించేది: ఎడమ పక్కన ఇద్దరున్నారని, ఆగమని, ఇప్పుడు రమ్మని. గొంతు నిలకడగా ఉంది. అది నిలకడగా ఉన్నంతసేపు మేమిద్దరం ఊపిరి తీసుకున్నాం. ఒకసారి చాలాసేపు ఏమీ వినపడలేదు. చంద్రశేఖర్ లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. అప్పుడు పైనుంచి పెద్ద కేక వినిపించింది. ఏడుపో సంతోషమో తెలియని కేక.

ఇద్దరం మెట్లెక్కి పరిగెత్తాం. స్క్రీను మీద పదమూడు పదకొండు. గెలిచింది. ఆట ముగిసింది, కెమెరా ఆరిపోయింది. గెలిచిన పిల్ల మొహం ఎట్లా ఉండాలో అట్లా లేదు. హెడ్‌సెట్ వైరు పీకేసి స్పీకర్లో పెట్టింది, మేమూ వినాలన్నట్టు.

"... నేను తప్పుగా అంటలేను దీక్షితా," నిఖిల్ గొంతు నవ్వుతోంది. "గెలిచే రోజు మాత్రం నీ లాప్‌టాప్ మంచిగనే ఉంటది కదా అంటున్నా. ఓడేటప్పుడే ఆగుతది." ఇంకెవరో కిసుక్కున నవ్వారు.

అంతే. అంత కష్టపడి లాప్‌టాప్‌ను ఆగకుండా చూస్తే, ఆగకపోవడమే ఆ పిల్ల మీద సాక్ష్యమైంది. దీక్షిత నా వైపు చూసింది. నేను చార్జరు వైపు, కిటికీ వైపు, వాళ్ళ నాన్న వైపు చెయ్యి చూపించాను. ముక్కలు ముక్కలుగా చెప్పాను: మోటరు, బండలో బ్లేడు, టవల్. చెబుతుంటే ఆ పిల్ల కళ్ళు తండ్రి మీదకు మళ్ళాయి. ఆయన తల నుంచి కాళ్ళ దాకా బురదగా ఉన్నాడు.

"నువ్వు ఆపుతున్నవా డాడీ? నా కోసమా?"

ఆయన లాప్‌టాప్ ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఊళ్ళో పదిమందిని నిలబెట్టి పని చేయించే మనిషి, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోని మనిషి, ఆ చిన్న స్క్రీను ముందు చేతులు కట్టుకున్నాడు. ఆవరణకంతా వినపడేంత గట్టిగా మొదలుపెట్టాడు.

"నేను దీక్షిత వాళ్ళ డాడీని. చంద్రశేఖర్. మొన్న రెండుసార్లు నా బిడ్డ పారిపోలె. ఆమె లాప్‌టాప్ ఆపింది నేను. మిషన్ బంద్ జేయించింది నేనే, సాలు జేయించింది నేనే. చప్పుడు ఉండొద్దని చేసిన, కరెంటు సంగతి నాకు తెల్వదు. ఆమె చెప్తే మీరు నమ్మలె. మీరు బయటోళ్ళు, మిమ్మల్ని ఏమంట? కన్నతండ్రిని, నేను గూడ నమ్మలె. తప్పు నాది. ఆమెను ఏమనొద్దు."

అవతల ఎవరూ ఆగలేదు. నిఖిల్ ఇంకెవరితోనో ఫైనల్ తేదీ గురించి మాట్లాడుతున్నాడు. చంద్రశేఖర్ అయోమయంగా కూతురి వైపు చూశాడు. "ఇన్లేదా వాళ్ళు?"

దీక్షిత మొహం నిండా కన్నీళ్ళు. చెయ్యి మౌసు మీద ఉంది. "మైక్ ఆఫుంది డాడీ" అంది. ఆ మాటలన్నీ గదిలో ఉన్న మా ఇద్దరికే వినిపించాయి. కావాలంటే అక్కడితో వదిలేయవచ్చు. తనకు వినపడింది కదా, చాలనవచ్చు. ఆయనకు కూడా పరువు దక్కేది.

పిల్ల మైకు బొత్తాం నొక్కింది. మొహం తుడుచుకుంది.

"మల్ల చెప్పు డాడీ" అంది.

ఆయన గొంతు సవరించుకుని మొదటి నుంచి, తన పేరుతో సహా, మళ్ళీ మొదలుపెట్టాడు. నిఖిల్ మాట మధ్యలో ఆగిపోయింది. ఆయన ముగించేదాకా నేను వెనక నిలబడ్డాను, తరవాత మైకు ముందుకు వెళ్ళి, ముద్ర కొట్టిన ఆ కాగితం తప్పని చెప్పాల్సింది నేనే.